షికాగో దాటాక వచ్చిన కార్డులు

వెర్రిబీ, మెల్‌బోర్న్,
12 సెప్టెంబరు 1990

పూజ్యులైన వదినగారికి ఉదయలక్ష్మి నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, కాత్యాయని, కొత్త అల్లుడుగారు క్షేమంగా ఉన్నారని మీ ఉత్తరం వల్ల తెలుసుకున్నాను. పదహార్రోజుల పండగ కూడా చక్కగా జరిగిందనీ, పిల్లని విశాఖపట్నంలో కాపురానికి దిగబెట్టి సామర్లకోట తిరిగి వచ్చాననీ రాశారు. ఆ వాక్యం దగ్గర ఆగి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ దానికోసమే ఎదురుచూశాను.

ఉత్తరం మీ తమ్ముడి పేరున రాశారు. జవాబు నేను రాస్తున్నాను. ఇందులో వింతేముంది, మెల్‌బోర్న్ వెళ్ళిన నాటినుంచీ రాస్తున్నది నువ్వేగా అంటారు. నిజమే. ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని "అక్కకి అంతా బాగున్నామని రాసెయ్" అనేవారు. ఆయన చెప్పేది అంతే. ఆ ఒక్క ముక్కనీ సాగదీసి నాలుగు పేజీలు నింపి, చివర "నీ తమ్ముడు ద్వారక" అని నేనే పెట్టి, పక్కన ఖాళీలో నా నమస్కారాలు ఇరికించేదాన్ని. ఈసారి అలా కాదు. ఇది నా ఉత్తరం.

దీన్ని మీరు ఒక్కరూ ఉన్నప్పుడు చదవకండి. పక్కవాటాలో లెక్కల మేష్టారి భార్య ఉంటారు కదా, ఆవిడని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకోండి. ఇలా అంటే మీ గుండె ఝల్లుమంటుందని తెలుసు. కానీ చెప్పకుండా ఎలా? ఇందులో మీకు చెప్పవలసిన మాట ఒకటుంది. అది విన్నాక మీరు నన్ను మళ్ళీ మీ గుమ్మం తొక్కనిస్తారో లేదో నాకు తెలియదు. నా తరఫున ఎవరూ లేరు, పిల్లలు లేరు, ఉన్న పెద్దదిక్కు మీరే. అందుకని ఒక్కసారిగా చెప్పే ధైర్యం చాలడం లేదు. మీరు అడిగినవాటికి జవాబులు చెప్పుకుంటూ అక్కడికి వస్తాను. కాస్త ఓపిక పట్టండి.

మీరు ముందుగా అడిగింది ఆయన ఒంట్లో సంగతి. "వాడి గ్యాస్ ట్రబుల్ తగ్గిందా, వాము నీళ్ళు తాగుతున్నాడా" అని. వదినా, అది గ్యాస్ కాదు. ఏప్రిల్లో రైల్వే ఆఫీసు నుంచి వస్తూ స్టేషను మెట్ల మీద కూలబడితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గుండె బాగా బలహీనపడిందనీ, మందులతో నెట్టుకురావడమే తప్ప కోసి బాగుచేసేది కాదనీ చెప్పారు. "అక్కకి గ్యాస్ అని రాయి. పెళ్ళి పనుల్లో ఉంది, దాన్ని హడలగొట్టకు" అన్నారు ఆయన. నేను అలాగే రాశాను. మీరు వెంటనే వాము, శొంఠి పొట్లాలు కట్టి పంపారు. ఆయన నవ్వుకుని, ఆ వాము నీళ్ళు నిజంగానే రోజూ తాగారు.

అటువంటి మనిషిని అమెరికా దాకా ఎందుకు వెళ్ళనిచ్చావు అని ఈపాటికి మీరు పళ్ళు కొరుకుతూ ఉంటారు. డాక్టరు వద్దంది. నేను వద్దన్నాను. మా ప్రేమలీల అయితే చెడామడా తిట్టింది. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు ఆవిడ, గుంటూరు మనిషి, మా వీధి చివరే ఉంటుంది. "ఏందన్నయ్యా ఇది? టోటల్లీ స్టుపిడ్ ఐడియా. ప్రాణం మీద తీపి లేదా నీకు? సండే చర్చికి వెళ్ళి నీకోసం మోకాళ్ళు వంచడమే తప్ప ఇంకేం చెయ్యలేను నేను" అంది.

ఆయన వింటేనా! "ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో రైళ్ళన్నిటికీ సిగ్నళ్ళు చూశాను. ఒక్కసారి నాకు ఎవడన్నా పచ్చదీపం చూపిస్తే మీకేం పోయింది?" అన్నారు. మామయ్యగారు స్టేషను మాస్టరుగా పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ రైలు కూత వింటూ పెరిగారు కదా మీరిద్దరూ. అమెరికాలో ఒకే రైల్లో ఎడారి దాటి, కొండలు దాటి, సగం దేశం పోవచ్చని ఎక్కడో చదివినప్పటినుంచీ ఆయనకి అదే ధ్యాస. లాస్‌ఏంజెలెస్‌లో ఎక్కి షికాగోలో దిగడం, అక్కడ రెండ్రోజులు ఊరు చూసి మళ్ళీ రైలెక్కి న్యూయార్క్ పోవడం. మ్యాపు మీద ఎర్రపెన్సిలుతో గీత గీసుకుని గోడకి అంటించుకున్నారు. ఆ గీత చూసి చూసి, చివరికి నేనే సరేనన్నాను.

రైలు సరదా తీరిందా అని అడిగారు. షికాగో దాకా తీరింది. ఆ మాట నిజం. జూలైలో ఇక్కడ చలి కదా, అక్కడ ఎండాకాలం అని తెలిసి కూడా చలికోట్లు సర్దారు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు ఒకపక్క ఆయాసం, ఒకపక్క రెండు పెట్టెలు. లాస్‌ఏంజెలెస్‌లో దిగగానే చెమటలు. స్టేషను బయట ఫోను డబ్బాలో గొలుసుకి కట్టిన డైరెక్టరీ ఉంటే, పరాయి ఊళ్ళో దిగిన మనవాళ్ళు చేసే పనే మేమూ చేశాం. తెలుగు ఇంటిపేరు దొరికేదాకా పేజీలు తిప్పాం. చింతలపాటివారు ఎవరో కనిపిస్తే ఫోను చేసి "మీరు తెలుగువాళ్ళేనాండీ?" అన్నారు ఆయన. అవతల ఆవిడ "అయ్యో, ఎక్కడున్నారండీ? అన్నం తిన్నారా?" అంది. ముక్కూమొహం తెలియని మాకు ఆ సాయంత్రం పప్పుచారు, వంకాయ కూర. మర్నాడు వాళ్ళే సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళారు. "ఇటు తిన్నగా ఈదుకుంటూ పోతే వెర్రిబీ వస్తుందే" అని నీళ్ళలో పాదాలు పెట్టి నిలబడ్డారు. ఆ ఊళ్ళో సినిమావాళ్ళ వీధులు చూద్దామంటే, స్టేషను పక్క వంతెన మీద నిలబడి సిగ్నల్ స్తంభాలు చూశారు. మీకు వచ్చిన మొదటి కార్డు అక్కడిదే. "వీళ్ళ సిగ్నళ్ళ కంటే మావే నయం" అని ఉంటుంది చూడండి. అది ఆయన చెప్పిందే.

రైల్లో ఏం తిన్నారు అన్నారు. చింతలపాటివారు కట్టిచ్చిన పులిహోర, మాగాయ. పైన అంతా అద్దాలతో కూర్చునే పెట్టె ఒకటి ఉంటుంది ఆ రైల్లో. పగలంతా అక్కడే. ఎదురుగా కూర్చున్న ఒక ముసలావిడ మాగాయ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు కార్చి, మళ్ళీ ఇంకోటి అడిగింది. బయట ఎర్రమట్టి, ఎర్రకొండలు, మైళ్ళకి మైళ్ళు మనిషి జాడ లేదు. ఆల్బకర్కీ అనే ఊళ్ళో రైలు చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద అక్కడి ఆదివాసీ ఆడవాళ్ళు గుడ్డలు పరుచుకుని నీలంరాళ్ళ పూసలు అమ్ముతున్నారు. "తునిలో ముంజెలవాళ్ళు కూర్చున్నట్టే కూర్చున్నారే!" అని చిన్నపిల్లాడిలా దిగిపోయారు. ఏరి ఏరి కాత్యాయనికి ఒక దండ కొన్నారు. నేను తరవాత న్యూయార్క్ నుంచి పార్సిల్ చేశాను. పిల్ల పెళ్ళిలో అది వేసుకుందని రాశారు. అది మేనమామ తన చేత్తో కొన్నదే వదినా. అందులో అబద్ధం లేదు.

ఆ సాయంత్రం అద్దాల పెట్టెలో కూర్చుని మీ గురించి చెప్పారు. అత్తయ్యగారు పోయిన ఏడు, ఆయనకి నాలుగేళ్ళప్పుడు, పట్టాల మీదకి పోతాడేమోనని ఆయన చొక్కా అంచుని మీ ఓణీ కొంగుకి ముడివేసుకుని ఇంటిపని చేసేవారట కదా మీరు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. "అక్కకి రాయమంటారా ఇది?" అన్నాను. "ఛ, ఇప్పుడవన్నీ ఎందుకు, కాఫీ నీళ్ళలా ఉందని రాయి" అన్నారు. రెండో కార్డులో అందుకే కాఫీ గోల తప్ప ఇంకేం లేదు.

షికాగో కార్డులో "ఊరు బాగుంది, సరస్సు సముద్రంలా ఉంది" అని రెండు ముక్కలే రాశాడేమిటి, అక్కడ ఏమేం చూశారు అని అడిగారు.

షికాగోలో నేను చూసింది ఆసుపత్రి గది. సరస్సు ఆ గది కిటికీలోంచి ఒక మూలగా కనిపించేది. స్టేషన్లో దిగి, పెద్ద హాలు దాటుతూ "ఒక్క నిమిషం కూర్చుంటానే" అని చెక్కబల్ల మీద కూర్చున్నారు. మళ్ళీ తనంతట తాను లేవలేదు. అంబులెన్సు వచ్చింది. రెండు రోజులున్నారు.

మీ తమ్ముడు ఇక లేరు వదినా. జూలైలోనే పోయారు, షికాగోలో. మన కాత్యాయని పెళ్ళికి మూడు వారాల ముందు.

చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఇన్నాళ్ళకి నాకు తెలిసింది. మీరు ఏడవండి. నన్ను తిట్టండి. తరవాత మిగిలింది చదవండి, ఎందుకంటే ఇంకా ఉంది.

ఎందుకు దాచానో మీకు చెప్పనక్కర్లేదు, అయినా చెబుతాను. నాలుగేళ్ళ కిందట కాత్యాయనికి నిశ్చయతాంబూలాలు పుచ్చుకున్న వారానికే దాని నాన్న, అన్నయ్యగారు పోయారు. ఆ పెళ్ళివారు పదకొండో రోజు భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళి, పిల్ల అడుగు మంచిది కాదని కబురుపెట్టారు. ఆ మాట ఊరంతా పాకి, ఎన్ని సంబంధాలు గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయాయో మీరే రాశారు. "ఈసారి కూడా ఏదన్నా వంక వస్తే దీన్ని నూతిలో తోసి నేనూ దూకుతాను" అని రాశారు. ఆ ఉత్తరం ఆయనకి చదివి వినిపించింది నేనే. ఇప్పుడు పెళ్ళి మూడు వారాలుందనగా మేనమామ పోయాడని తెలిస్తే ఆ వియ్యాలవారు ఏమనేవారు? పెళ్ళింట చావుకబురు చెప్పకూడదు, శుభకార్యం గడిచేదాకా నోరు కుట్టుకోవాలి అని మన పెద్దవాళ్ళు చేస్తూ వచ్చిందే నేనూ చేశాను. మా అమ్మ పోయిన సంగతి మా పిన్ని కొడుకు పెళ్ళయ్యేదాకా మా పిన్నికి చెప్పలేదు. అప్పుడు నేను వాళ్ళందర్నీ కసాయివాళ్ళని తిట్టాను.

ఆయన పోయిన పొద్దున, ఆ ఆసుపత్రిలోనే డైరెక్టరీ అడిగి తీసుకున్నాను. ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ పోయాను. లాస్‌ఏంజెలెస్‌లో ఆడుకుంటూ చేసిన పని. గుండిమెడ సత్యనారాయణగారని కనిపిస్తే ఫోను చేసి, "మీరు తెలుగువాళ్ళేనాండీ?" అన్నాను. ఆ తరవాత ఇక ఏడుపే. ఆయన నల్గొండ వైపు మనిషి. "అమ్మా, ఏడున్నరు మీరు? ఏడ్వకున్రి. నేను ఇప్పుడే బైల్దేర్తున్న" అన్నారు. వచ్చారు. ఎంత దూరం నుంచి వచ్చారో కూడా నేను అడగలేదు. "కొడుకు లేడా అమ్మా? ఫికర్ చెయ్యకు. మా అన్న అనుకుని నేను జేస్త" అన్నారు. గుడి నుంచి పంతులుగారిని పిలిపించారు. ముందెన్నడూ చూడని మనిషి మీ తమ్ముడికి తలకొరివి పెట్టారు. అక్కడ కట్టెలు ఉండవు, మీట నొక్కుతారు. ఆ మీట మీద సత్యనారాయణగారు చెయ్యి వేసి, మొహం పక్కకి తిప్పుకున్నారు. వాళ్ళావిడ శాంతి నన్ను వాళ్ళింట్లోనే పెట్టుకుని, తన చీర కట్టబెట్టి, నోట్లో మజ్జిగ పోసింది. వాళ్ళకి మీరు ఎప్పుడైనా ఒక ఉత్తరం రాయండి. నా మీద కోపం వాళ్ళ మీద చూపించకండి.

ఆ తరవాత నేను చేసిన పనికి పిచ్చి అంటారో, పాపం అంటారో నాకు తెలియదు. న్యూయార్క్ టిక్కెట్లు నా సంచిలో ఉన్నాయి, ఇద్దరివి. సత్యనారాయణగారు "విమానమెక్కి ఇంటికి పోండమ్మా" అన్నారు. నేను పోలేదు. న్యూయార్క్ నుంచి కార్డు రాకపోతే మీకు అనుమానం వస్తుంది. తపాలా ముద్ర చూస్తారు మీరు, బళ్ళో పాఠాలు చెప్పిన మేష్టారమ్మ కదా. అందుకని అస్థికల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ రైలెక్కాను. ఇద్దరికి తీసుకున్న గదిలో పైబల్ల మడతపెట్టే ఉంచమన్నాను. అటెండెంటు వచ్చి, రెండోవారు ఎప్పుడు వస్తారని అడిగితే, భోజనానికి వెళ్ళారన్నాను. అబద్ధానికి అలవాటుపడితే ఇలాగే ఉంటుంది వదినా, అక్కర్లేనిచోట కూడా వచ్చేస్తుంది. ఏ ఊళ్ళు దాటామో, ఏ నదులు వచ్చాయో నాకు గుర్తులేదు. ఆయన గీసిన ఎర్రగీత చివరిదాకా ఆయన్ని తీసుకెళ్ళాను. అంతే తెలుసు.

న్యూయార్క్ కూడా చూశాను. చూడకపోతే కార్డులో ఏం రాస్తాను? ఆ పెట్టెతోనే ఎత్తైన మేడల మధ్య నడిచాను, పడవెక్కి నీళ్ళ మధ్య నిలబడ్డ ఆ పెద్ద విగ్రహం దాకా వెళ్ళివచ్చాను. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకాయన కెమెరా నా చేతికిచ్చి తమ జంటని తియ్యమన్నాడు, తీశాను. తిరిగి స్టేషనుకి వచ్చి ఒక మూల బల్ల మీద కూర్చుని మీకు కార్డు రాశాను. "నీ తమ్ముడు ద్వారక" అని ఎప్పటిలాగే పెట్టాను. ఆ చేతిరాత మీరు ఎరిగిందే, అనుమానించడానికేం లేదు.

మెల్‌బోర్న్ విమానాశ్రయంలో తనిఖీ అతను పెట్టెలో ఏముందని అడిగాడు. మా ఆయన అన్నాను. అతను టోపీ తీసి, ఏమీ విప్పకుండా పంపించాడు. ప్రేమలీల బయట నిలబడి ఉంది. నేను ఒక్కదాన్నే ఆ పెట్టెతో రావడం చూసి నా సంచి అందుకుంది. కారులో "ఐ యాం సో సారీ, ఉదయా. అన్నయ్యని నేను అంతమాట అనకుండా ఉండాల్సింది" అని తనే ఏడ్చింది. ఇక్కడున్న మనవాళ్ళు నాలుగైదు ఇళ్ళవాళ్ళ దగ్గరికీ తనే వెళ్ళి, సామర్లకోటకి కబురు పోకూడదని ఒట్టు వేయించుకుంది. కానీ రోజూ డ్యూటీ దిగి వచ్చి ఇదే మాట. "ఎన్నాళ్ళు మోస్తావు తల్లీ? ఆవిడకి తోడబుట్టినోడు. షీ హాజ్ ఎ రైట్ టు నో. అబద్ధమాడి కాపురం నిలబెట్టావు, సరే. మరి ఆవిడ ఏడుపు ఆవిడకి ఇవ్వొద్దా?"

పెళ్ళిరోజున కూడా ఒక్క ఊ తప్ప వాడి గొంతు వినిపించలేదేం, అలిగాడా అని అడిగారు. పిల్లని గంపలో కూర్చోబెట్టి తెచ్చే మేనమామ వరస పెదనాన్నగారి అబ్బాయి చేత చేయించానని కోపమొచ్చిందా అని రాశారు. సెలవు చాలక పెళ్ళికి రాలేం, దీపావళికి వస్తాం అని మేం ముందే రాశాం కదా. ఆ రోజు మీకు ఫోను చేసి, ఆయనకి జలుబు చేసి గొంతు పూడుకుపోయిందన్నాను. వెనకాల సన్నాయి వినిపిస్తోంది. మీరు అరుస్తూ, నవ్వుతూ "పోనీ వాణ్ణి ఊ అనమను, చాలు" అన్నారు. నేను ఫోను కాస్త దూరంగా పెట్టి గొంతు మార్చి ఊ అన్నాను. మీరు సంబరపడిపోయారు. కిందటి ఉత్తరంతో పాటు మీరు పంపిన ఫోటోలో పందిట్లో కాత్యాయని వెనక నిలబడి నవ్వుతున్నారు. ఆ ఫోటో తిరగేసి పెట్టాను, చూడలేను.

పార్సిల్ చేరింది. ఆయనకి పట్టుపంచె, నాకు చీర, పసుపు కుంకుమల పొట్లం. నా చేత్తో కట్టకూడదని పెళ్ళికూతురి చేత కట్టించాను అని రాశారు. అన్నయ్యగారు పోయినప్పటినుంచీ మీరు పేరంటాలకి దూరంగా నిలబడటం నేను ఎరుగుదును. నా పసుపుకుంకుమలు చల్లగా ఉండాలని, మీ చెయ్యి కూడా తగలనివ్వకుండా పంపిన పొట్లం అది. దాన్ని విప్పలేదు. నిజానికి ఈ ఉత్తరం ఇవాళ రాయడానికి కారణం అదే. ఇంకో నాలుగు అబద్ధాలు ఆడగలిగేదాన్నేమో, దీపావళికి రాలేమని ఇంకో సాకు చెప్పేదాన్నేమో, కానీ ఆ పొట్లం విప్పి బొట్టు పెట్టుకోవడం నా చేత కాలేదు. ఇక్కడ నా బొట్టు ఎవరూ తియ్యలేదు. తియ్యమనే పెద్దవాళ్ళు లేరు, వద్దని అడ్డుపడేవాళ్ళూ లేరు. ఒకరోజు మొహం కడుక్కుని మళ్ళీ పెట్టుకోలేదు, అంతే.

ఇంతదాకా చెప్పినవి మీరు క్షమించినా క్షమించవచ్చు. పిల్ల కోసం చేసింది అనుకుంటారు. ఇప్పుడు రాసేది అలాంటిది కాదు. ఇది ప్రేమలీలకి కూడా చెప్పలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు సాయంత్రం ఆయనకి తెలివి బాగానే ఉంది. అక్కడ పొద్దు ఇంకా ఉంది. "మనకి ఇప్పుడు తెల్లవారుతూ ఉంటుంది. అక్క లేచి కళ్ళాపి చల్లుతూ ఉంటుంది. ఫోను కలుపు, మాట్లాడతాను" అన్నారు. కిందటేడు మీ ఇంటికి ఫోను వచ్చినప్పటినుంచీ ఆ నంబరు ఆయనకి కంఠతా. ఫోను మంచం పక్కనే ఉంది. ఆయనే అందుకోలేక నన్ను అడిగారు. అప్పటికి ఆయన గొంతు ఎలా ఉందంటే, ఒక్క మాట వింటే చాలు మీరు పందిరి పీకించి పరుగెత్తుకొచ్చేవారు. నేను ఫోను తీసుకుని, ఆయనకి వీపు పెట్టి నిలబడి, లైను కలవకుండా ఫోను మీట మీద బొటనవేలు నొక్కిపట్టి, నంబరు తిప్పాను. "ఎంగేజ్ వస్తోందండీ" అన్నాను.

"మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ చేశాను, అలాగే. "పెళ్ళివారిల్లు కదే. ఊరంతా అక్క ఫోను మీదే ఉండి ఉంటారు" అని నవ్వారు. "కాసేపాగి చెయ్యి" అని కళ్ళు మూసుకున్నారు. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి "దొరికిందా?" అన్నారు. ఇంకా లేదన్నాను. తెల్లవారేసరికి పోయారు.

పెళ్ళి ఆగిపోతుందని చేశానని నన్ను నేను ఎన్నోసార్లు ఒప్పించుకున్నాను. అది సగమే. మీతో మాట్లాడితే అవే ఆఖరి మాటలు అయిపోతాయనీ, ఆ ఫోను కలపనంతసేపూ ఆయన పోరనీ ఏదో వెర్రి నమ్మకం. మీరు కొంగున కట్టుకుని పెంచిన మనిషి మీకోసం మూడుసార్లు అడిగి వెళ్ళిపోయారు. మీ ఫోను ఆ పొద్దున ఖాళీగానే ఉండి ఉంటుంది. ఒక్కసారి మోగితే ఎత్తేవారు. ఇద్దరికీ మధ్య నా బొటనవేలు ఉంది. అది చూసుకుంటూ బతుకుతున్నాను వదినా. పెద్దగా బతకాలని కూడా లేదు. పొద్దున లేస్తాను, హీటరు వేసుకుని దాని ముందు కూర్చుంటాను. కిటికీలోంచి దూరాన కాలీఫ్లవర్ మడులు కనిపిస్తాయి. అటువైపు నుంచి ఊళ్ళోకి వెళ్ళే రైలు వినిపిస్తుంది. ప్రేమలీల వచ్చి తినమంటే తింటాను.

ఆయన అస్థికలు మా గదిలో, మామయ్యగారు స్టేషన్లో వాడిన చేతిదీపం పక్కన ఉన్నాయి. మీరు పంపిన పట్టుపంచె మడత విప్పకుండా ఆ పెట్టె మీద కప్పాను. ఇక్కడి నీళ్ళలో కలపడానికి మనసొప్పలేదు. గోదావరిలో మీ చేతుల మీదుగా కలవాలి. మీరు రమ్మంటే తెచ్చి మీకు అప్పగిస్తాను. గుమ్మంలోనే తీసుకుని నన్ను వెళ్ళిపొమ్మన్నా వెళ్ళిపోతాను. రావద్దంటే, కార్డు మీద ఒక్క ముక్క రాసినా చాలు, కాత్యాయని భర్త చేతికి అందేలా పంపుతాను. కబురు తెలిసిన రోజునుంచి మైల ఎలా పట్టాలో, ఏం చెయ్యాలో మీకే తెలుసు. కాత్యాయనికి మాత్రం నెమ్మదిగా చెప్పండి. దానివల్ల ఏమీ జరగలేదని మరీ మరీ చెప్పండి.

ఇక న్యూయార్క్ కార్డు. "అక్కా, ఇంత పెద్ద స్టేషన్లో ఇంత జనం మధ్య నడుస్తుంటే, నీ ఓణీ కొంగు పట్టుకుంటే బాగుండుననిపించింది" అని ఉంది కదా అందులో. వాడు జన్మలో నాతో ఇంత మాట అనలేదు, నేను చేసినదంతా తీర్చేశాడు, దాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నాను అని రాశారు. ఆ అక్షరాలు చదివి నేను నేలమీద పడి ఏడ్చాను. కొంగు సంగతి ఆయన చెప్పిందే, కానీ కార్డులో మాట ఆయనది కాదు. దాన్ని గూట్లోంచి తీసెయ్యాలనిపిస్తే తీసెయ్యండి, చించాలనిపిస్తే చించండి. అబద్ధమని మాత్రం అనకండి. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ స్టేషన్లో కూర్చున్నప్పుడు, మీ కొంగు పట్టుకోవాలనిపించింది నాకు. మిమ్మల్ని అక్కా అని పిలిచే వరస నాకు లేదు గనక, ఆయన పేరు పెట్టి రాశాను.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య,
మీరు కాదనకపోతే మీ మరదలు,
ఉదయలక్ష్మి